చాక్లెట్ పూత గ్రానోలా బార్ పాపకి టిఫిన్ అవుతుందా? పూత లెక్క వేసి చూద్దాం

మీరు అడిగింది ఇది కదండీ. ఏడో తరగతి చదివే పాప పొద్దున ఏమీ తినకుండా స్కూల్ బస్సెక్కేస్తోంది, అందుకని రోజూ ఒక చాక్లెట్ కోటింగ్ గ్రానోలా బార్ చేతిలో పెడుతున్నారు. అట్ట మీద ఓట్స్ బొమ్మ, "హై ఫైబర్", "నో మైదా" అని ఉంది. చాక్లెట్‌ది మానేసి యోగర్ట్ కోటింగ్‌ది తీసుకుంటే నయమా, బోర్డర్‌లైన్ షుగర్ ఉన్న మావారు కూడా సాయంత్రం టీతో ఒకటి లాగించేస్తున్నారు, పర్లేదా అని. ముందు సూటిగా చెప్పేస్తాను: టిఫిన్‌గా పనికిరాదు, యోగర్ట్‌ది ఏమాత్రం నయం కాదు, మీవారికి రోజూ వద్దు. ఎందుకో వివరంగా చెప్పాలంటే కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఇలాంటి బార్లు తయారయ్యే చోట క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు చిన్న కంపెనీలకి లేబుల్ మీద పోషకాల పట్టిక లెక్కగట్టి ఇస్తుంటాను. కాబట్టి ఏ బార్ చేతికొచ్చినా ఓట్స్ సంగతి తర్వాత, ముందు పైన పూత ఎంత ఉందో, దేనితో వేశారో చూస్తాను. కోటింగ్ లేని బార్‌కీ ఉన్న బార్‌కీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంటుంది, అట్ట మీద గొప్పలన్నీ మాత్రం లోపల ఉన్న ఓట్స్ గురించి ఉంటాయి.

బార్ ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. ఓట్స్, పఫ్డ్ రైస్ (మన మరమరాల లాంటివే), పల్లీలో బాదం ముక్కలో, ఇవన్నీ ఒకదానికొకటి అంటుకోవాలంటే పాకం కావాలి. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ (రెండూ చిక్కటి చక్కెర పాకాల్లాంటివే), తేనె, బెల్లం, ఏదో ఒకటి లేదా అన్నీ కలిపి కాచి, వేడి మీదే కలిపి, రోలర్ల కింద అణిచి, చల్లార్చి, ముక్కలు కోస్తారు. పాకం తగ్గిస్తే బార్ పొడి పొడి అయిపోతుంది, అందుకే ఎంత "హెల్దీ" కంపెనీ అయినా అక్కడ పెద్దగా తగ్గించలేదు. కోసిన ముక్కలు వైర్ మెష్ బెల్టు మీద ఎన్‌రోబర్ అనే మెషీన్‌లోకి వెళ్తాయి. అందులో కరిగిన చాక్లెట్ పైనుంచి తెర పడ్డట్టు పల్చగా జారుతూ ఉంటుంది, బార్ ఆ తెర కిందుగా దూరి బయటికొస్తుంది, రాగానే బ్లోయర్ గాలి కొట్టి ఎక్కువైన చాక్లెట్‌ని ఊదేస్తుంది, ఆపైన కూలింగ్ టన్నెల్. ఆ బ్లోయర్ వేగం కొంచెం తగ్గించారంటే పూత మందమెక్కుతుంది. అందుకే షిఫ్టులో మాటిమాటికీ పూత పడకముందు కొన్ని బార్లు, పడ్డాక కొన్ని బార్లు తూకం వేసి చూస్తారు, ఎందుకంటే లేబుల్ మీద వేసిన అంకెలు బార్ బరువులో పూత ఎంత శాతమన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. మొత్తం బార్‌ని ముంచిన రకంలో బరువులో ఐదో వంతు నుంచి దాదాపు మూడో వంతు దాకా పూతే ఉండొచ్చు. పైన గీతల్లా చిలకరించినవీ, అడుగున మాత్రమే పూసినవీ అయితే చాలా తక్కువ.

ఇప్పుడు లెక్క. 30 గ్రాముల బార్, అందులో పావు వంతు, అంటే ఏడున్నర గ్రాములు పూత అనుకుందాం. మామూలు కాంపౌండ్ కోటింగ్‌లో, అంటే కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) బదులు వేరే కొవ్వుతో చేసే పూతలో, దాదాపు సగం చక్కెర, మూడో వంతుకి కాస్త తక్కువగా కొవ్వు ఉంటాయి. అంటే గోరంత మందం కూడా లేని ఆ పొరలోంచే చక్కెర 3.7 గ్రాములు, కొవ్వు 2.4 గ్రాములు, సుమారు 40 కేలరీలు. లోపలి 22.5 గ్రాముల ముక్కలో పాకం వల్ల వచ్చే చక్కెర ఐదున్నర గ్రాములు, కేలరీలు 95 వేసుకోండి. మొత్తం 135 కేలరీలు, తొమ్మిది గ్రాముల పైన చక్కెర. అదే 30 గ్రాములూ పూత లేకుండా లోపలి సరుకే అయితే 126 కేలరీలు, ఏడున్నర గ్రాముల చక్కెర. చూశారా, కేలరీల్లో తేడా పది కూడా లేదు! అందుకే కేలరీల గడి ఒక్కటే చూసుకుని రెండూ ఒకటేలే అనుకుంటారు జనం. మారేది శాచురేటెడ్ ఫ్యాట్, అంటే ఎక్కువైతే సాధారణంగా చెడు కొలెస్ట్రాల్‌ని పెంచే రకం కొవ్వు. పూత లేని బార్‌లో, అది కూడా పామాయిల్ పోయకుండా చేసినదైతే, అర గ్రాము చుట్టూ ఉంటుంది, పూత పడ్డాక రెండున్నర దాటుతుంది, అంటే నాలుగైదు రెట్లు. మన దేశంలో లేబుల్ లెక్కకి ప్రమాణం రోజుకి 2000 కేలరీలు, శాచురేటెడ్ ఫ్యాట్ 22 గ్రాములు. ఆ కోటాలో ఎనిమిదో వంతు ఒక్క చిన్న బార్‌కే పోయింది.

అసలు చాక్లెట్ కోకో బటర్‌తో చేయాలి. అది 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, నోట్లో వేసుకుంటే హాయిగా ఉండేది అందుకే, కానీ మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కిరాణా కొట్టు అరలో ఉన్న బార్ గతేంటి? రేపర్‌కి అతుక్కుపోయి ముద్దవుతుంది. పైగా కోకో బటర్ ఖరీదు ఎక్కువ, దాన్ని టెంపరింగ్ చేయడం (మెరుపుగా, గట్టిగా పేరుకునేలా వేడిని పెంచి తగ్గించడం) ఒక తలనొప్పి. అందుకని చాలామంది పామ్ కెర్నెల్ నూనెని గట్టిపరిచి వాడతారు, దాన్నే కాంపౌండ్ అంటారు. పామ్ కెర్నెల్ అంటే తాటి జాతి చెట్టు గింజ నూనె, పామాయిల్‌తో కలిపేయకండి. పామాయిల్‌లో శాచురేటెడ్ సగం దాకా ఉంటే గింజ నూనెలో 80 శాతం పైనే, హైడ్రోజినేట్ చేస్తే, అంటే హైడ్రోజన్‌తో గట్టిపరిస్తే, ఇంకా ఎక్కువ. కోకో బటర్‌లోనూ 60 శాతం ఉంటుంది కదా అంటారేమో, ఉంటుంది, కాకపోతే అందులో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లం, అది ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ని పెద్దగా కదిలించదు. గింజ నూనెలో ఉండే లారిక్, మిరిస్టిక్ ఆమ్లాలు పెంచుతాయి. ఒకే రంగు, ఒకే మెరుపు, లోపల సరుకు వేరు.

ట్రాన్స్ ఫ్యాట్ గురించి టెన్షన్ పడాల్సిన పని ఇప్పుడు అంతగా లేదు, 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లోనూ, వాటితో చేసిన తిండిలోనూ 2 శాతం మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితి పెట్టింది. "జీరో ట్రాన్స్ ఫ్యాట్" అని పెద్దక్షరాల్లో వేసుకున్నది నిజమే అయ్యుంటుంది, కాకపోతే మీరు దాని పక్క గడి చూడాలి, అక్కడ శాచురేటెడ్ ఎంతుందో.

ఇక యోగర్ట్ కోటింగ్. మన ఇళ్లలో పెరుగంటే ఉన్న మంచి పేరంతా ఈ తెల్లటి పూత కొట్టేసింది. పదార్థాల జాబితా చదవండి: చక్కెర, పామ్ కెర్నెల్ ఫ్యాట్, పాలపొడి లేదా వే పొడి (పాలు విరిగాక మిగిలే నీటి పొడి), ఆ తర్వాతెక్కడో యోగర్ట్ పొడి, లెసిథిన్ (అన్నీ బాగా కలవడానికి వేసేది), ఫ్లేవర్. మన చట్టం ప్రకారం ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి, అంటే ఇది పెరుగు వాసన తగిలించిన చక్కెర, కొవ్వు ముద్ద. ఎండబెట్టిన పెరుగు పొడిలోంచి మంచి బ్యాక్టీరియా కడుపులోకి పోతుందని ఆశపెట్టుకోకండి. పైగా చాక్లెట్‌దాంట్లో కనీసం కాస్త కోకో ఉంటుంది, దీంట్లో అదీ లేదు, చాలా వాటిలో చక్కెర ఇంకో పిసరు ఎక్కువే. మీ ప్రశ్నలో అన్నిటికంటే తేలిగ్గా జవాబు చెప్పగలిగింది ఇదే.

"హై ఫైబర్" సంగతి చూద్దాం. ఆ మాట వేసుకోవాలంటే 100 గ్రాములకి 6 గ్రాముల పీచు ఉంటే చాలు, 3 గ్రాములుంటే "సోర్స్ ఆఫ్ ఫైబర్" అనొచ్చు. రూలు 100 గ్రాములకి, మీ పాప తినేది 30. అంటే సరిగ్గా గీత మీదున్న "హై ఫైబర్" బార్ ఇచ్చేది 1.8 గ్రాములు. ఒక మాదిరి జామకాయలో దానికి మూడు రెట్లయినా ఉంటుంది. ఆ పీచు కూడా కొన్నిసార్లు ఓట్స్‌ది కాదు, చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ అనే పీచు కలిపి అంకె పెంచుతారు, విషమేం కాదు గానీ కొంతమందికి కడుపు ఉబ్బరం, గ్యాస్. ఓట్స్‌కి గుండెకి మంచిదన్న పేరు బీటా గ్లూకాన్ అనే పీచు వల్ల వచ్చింది, కొలెస్ట్రాల్ మీద పనిచేయాలంటే రోజుకి 3 గ్రాములు కావాలి, అంత రావాలంటే 60 నుంచి 75 గ్రాముల ఓట్స్ తినాలి. బార్‌లో ఓట్స్ పది పన్నెండు గ్రాములు ఉంటే గొప్ప. "నో మైదా" అన్నదీ అలాంటిదే. మైదా లేకపోవచ్చు, పఫ్డ్ రైస్, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థాన్ని చిన్న ముక్కలుగా విరిచి చేసే పొడి) ఉంటాయి, రక్తంలో చక్కెర పెరగడానికి అవి మైదాకేమీ తీసిపోవు. మాల్టోడెక్స్‌ట్రిన్‌ని షుగర్ గడిలో లెక్కవేయరు కూడా, మొత్తం కార్బోహైడ్రేట్ గడిలో దాక్కుంటుంది.

అమెరికాలో 2016లో న్యూయార్క్ టైమ్స్ ఒక సర్వే వేసింది. గ్రానోలా బార్ ఆరోగ్యకరమైనదే అన్నవాళ్లు మామూలు జనంలో 71 శాతం, పోషకాహార నిపుణుల్లో 28 శాతం. ఆ జాబితాలో అన్నిటికంటే పెద్ద తేడా వచ్చిన తిండి ఇదే. దానికి ముందు ఏడాది ఇంకో గొడవ జరిగింది, కైండ్ అనే కంపెనీ కొన్ని బార్ల మీద "హెల్దీ" అని రాసుకుంటే శాచురేటెడ్ ఫ్యాట్ పరిమితి దాటింది, ఆ మాట తీసేయమని అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేఖ రాసింది. మా బార్లలో ఆ కొవ్వు ప్రధానంగా బాదం లాంటి గింజలది కదా అని కంపెనీ వాదించింది, 2016లో ఎఫ్‌డీఏ తగ్గి ఒప్పుకుంది, చివరికి 2024 డిసెంబర్‌లో "హెల్దీ" నిర్వచనమే మార్చేశారు, గింజల్లో సహజంగా ఉండే శాచురేటెడ్ ఫ్యాట్‌ని వదిలేసి, కలిపిన చక్కెరకి హద్దు పెట్టారు. నాకైతే అది న్యాయంగానే అనిపించింది. బాదంలో ఉన్న అర గ్రాముతో పాటు పీచు, ప్రోటీన్, మంచి కొవ్వు వస్తాయి, పూతలో ఉన్న రెండు గ్రాములతో పాటు చక్కెర తప్ప ఇంకేం రాదు. అన్నట్టు, అక్కడి నుంచి చుట్టాలు సూట్‌కేసుల్లో తెచ్చే బార్లని ఇక్కడివాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త, వాళ్ల పట్టిక ఒక్క సర్వింగ్‌కి, మనది 100 గ్రాములకి. "దాంట్లో చక్కెర 8, దీంట్లో 30" అని బెంబేలు పడిపోయి నాకు మెసేజ్‌లు పెట్టినవాళ్లున్నారు. రెండూ ఇంచుమించు ఒకటే.

చక్కెర ఎంత దాకా ఫర్వాలేదు అంటే, లేబుల్ మీద శాతం వేసేటప్పుడు కలిపిన చక్కెర 50 గ్రాములు అనే లెక్క వాడతారు. కానీ మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మార్గదర్శకాల్లో రోజుకి పాతిక గ్రాముల చుట్టూనే ఉండాలంది. అంటే అట్ట మీద "18 శాతం" అని కనిపించేది, ఎన్‌ఐఎన్ చెప్పిన దాంతో చూస్తే మూడో వంతు. పాపకి పొద్దున ఎనిమిదింటికే మూడో వంతు అయిపోయింది, ఇంకా పాలల్లో వేసేది, బిస్కెట్లు, స్కూల్లో పుట్టినరోజు చాక్లెట్లు ఉన్నాయి.

అయినా మీ పాప విషయంలో నాకు చక్కెర కంటే ఎక్కువ బాధ కలిగించేది తిండి తక్కువవడం. పది పన్నెండేళ్ల ఆడపిల్లకి రోజుకి రెండు వేల పైచిలుకు కేలరీలు, 33 గ్రాముల ప్రోటీన్ కావాలని ఎన్‌ఐఎన్ లెక్క. బార్ ఇచ్చేది 135 కేలరీలు, రెండు మూడు గ్రాముల ప్రోటీన్. ఒక్క ఉడికించిన గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రెండో పీరియడ్‌కే నీరసపడి, ఇంటర్వెల్‌లో క్యాంటీన్ మీద పడుతుంది, మీరు బార్ పెట్టాను కదా అని నిశ్చింతగా ఉంటారు. కూర్చుని తినే టైమ్ లేదంటే బస్సులో తినగలిగేవే పెట్టండి. రెండు ఇడ్లీలకి పల్లీ పొడి, నెయ్యి రాసి చిన్న డబ్బాలో, లేదా ఒక అరటిపండు, ఉడికించిన గుడ్డు. గుడ్డు తినకపోతే రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్లో ఉడికించిన పల్లీలు గుప్పెడు. బార్ ఇష్టమైతే వారంలో ఒకటి రెండు రోజులు సాయంత్రం, స్వీట్ లెక్కలో ఇవ్వండి. తిన్నాక నీళ్లు పుక్కిలించమనండి, ఓట్స్, పాకం కలిసి దవడ పళ్ల గుంటల్లో ఇరుక్కుంటే త్వరగా పోవు.

ఇక్కడ ఎవరో ఒకరు వచ్చి "ఈ విదేశీ బార్లెందుకు, మన పల్లీ పట్టి చాలదా" అంటారు, అందుకే ముందే చెప్తున్నాను. 30 గ్రాముల పల్లీ పట్టిలో సగం పల్లీ, సగం బెల్లం అనుకుంటే 130 కేలరీలు, మూడున్నర గ్రాముల ప్రోటీన్, శాచురేటెడ్ ఒక గ్రాము, చక్కెర 12 గ్రాముల పైనే! ప్రోటీన్‌లో, కొవ్వు నాణ్యతలో పల్లీ పట్టిదే పైచేయి, ధర సంగతి చెప్పక్కర్లేదు, చక్కెరలో మాత్రం కోటింగ్ బార్ కంటే ఎక్కువ. బెల్లంలో కాస్త ఐరన్ ఉంటుంది, అంతమాత్రాన అది చక్కెర కాకుండా పోదు. బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ పెట్టడంలో అర్థముంది, అక్కడ అన్నం, పప్పు, గుడ్డు తిన్న పిల్లకి అది అదనం. ఖాళీ కడుపున టిఫిన్ బదులు పెడితే మాత్రం బార్ కథే.

మీవారి దగ్గరికొద్దాం. బోర్డర్‌లైన్‌లో ఉన్నప్పుడు టీలో చక్కెర మానేసి పక్కన ఈ బార్ తింటే రెండు చెంచాల చక్కెర వేసుకున్నట్టే. "నో యాడెడ్ షుగర్" రకానికి మారదామనుకుంటారేమో, అందులో రెండు రకాలున్నాయి. ఖర్జూరం ముద్దతో చేసినదైతే యాడెడ్ షుగర్ గడిలో సున్నా ఉన్నా టోటల్ షుగర్స్ 100 గ్రాములకి 30 దాటి ఉండొచ్చు, ఆ గడి చూడండి. మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేసినదైతే (జాబితాలో ఐఎన్‌ఎస్ 965 అనే కోడ్ నంబర్ ఉంటుంది) చక్కెర కంటే నెమ్మదిగానే పెంచుతుంది, కానీ పెంచుతుంది, కేలరీలు కూడా చక్కెరలో సగానికి పైనే ఉంటాయి, రెండు మూడు తింటే విరేచనాలు. అందుకే అలాంటి వాటి మీద పాలియోల్స్ (మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు) గురించి హెచ్చరిక కనిపిస్తుంది. సాయంత్రానికి వేయించిన శనగలో, గుప్పెడు పల్లీలో టీతో బ్రహ్మాండంగా పోతాయి.

దీనికి సంబంధించే ఇంకో మాట, ఇది మీవారికి కాదు, మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్లు చదువుతుంటే వాళ్లకి. షుగర్ పడిపోయినప్పుడు తిందామని జేబులో ఈ కోటింగ్ బార్ పెట్టుకుని తిరిగేవాళ్లని చూశాను. కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, ఆ టైమ్‌లో కావాల్సింది వెంటనే ఎక్కే గ్లూకోజ్ పొడో, మామూలు చక్కెరో, పళ్లరసమో, 15 గ్రాముల చక్కెర వచ్చేలా. బార్ ఆ తర్వాత తినొచ్చు.

కొనక తప్పదంటే నేను పెట్టుకున్న గీత చెప్తాను, ఇది ఎక్కడా రూలు కాదు, నా సొంత అలవాటు. 100 గ్రాములకి టోటల్ షుగర్స్ 20 లోపు, శాచురేటెడ్ 5 లోపు, ప్రోటీన్ 10 పైన. పూత ఉన్నవాటిలో ఈ మూడు షరతులకీ సరిపోయేవి చాలా అరుదు, పూత లేకుండా గింజలు ఎక్కువున్నవి దొరుకుతాయి. గింజలే ఎక్కువైతే శాచురేటెడ్ కాస్త అటూ ఇటూ అయినా నేను పట్టించుకోను. చాక్లెట్ రుచే కావాలంటే జాబితాలో "కోకో బటర్" ఉందా, లేక "చాకో కాంపౌండ్", "వెజిటబుల్ ఫ్యాట్" ఉందా చూడండి, పూత శాతం కూడా చాలాసార్లు పక్కనే అంకె వేసి ఉంటుంది. వేయకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బార్‌ని ఫ్రీజర్‌లో ఒక అరగంట పెట్టి తీసి కత్తి మొనతో తడితే పూత పెళుసుగా రేకుల్లా ఊడి వస్తుంది, ఆ రేకుల్ని, మిగిలిన ముక్కని వేర్వేరుగా వంటింటి తూకం మీద పెడితే సరి. కచ్చితంగా రాకపోయినా ఐదో వంతా మూడో వంతా అన్నది తెలిసిపోతుంది. పూత మీద తెల్లగా పొగమంచు పట్టినట్టు కనిపిస్తే కంగారుపడి పారేయకండి, అది బూజు కాదు, ఎండకి కొవ్వు కరిగి మళ్లీ గట్టిపడి పైకి తేలింది, రుచి చచ్చుబడుతుంది అంతే.

పల్లీ, బాదం, సోయా, పాలు, వీటిలో దేనికైనా పాపకి అలర్జీ ఉంటే జాబితా కింద బోల్డ్‌లో ఉన్న లైన్ తప్పకుండా చదవండి. ఫ్యాక్టరీలో ఒకే మెషీన్ లైన్ మీద అన్ని రకాల బార్లూ నడుస్తాయి, పూత ట్యాంకు మధ్యలో పూర్తిగా కడగడం కష్టమైన పని.

మీ పెట్టె వెనక పట్టిక, పదార్థాల జాబితా రెండూ కనిపించేలా ఫొటో తీసి కింద పెట్టండి, మీరు కొన్నదాంట్లో పూత వాటా ఎంత వస్తుందో అంకెలతో సహా లెక్కగట్టి చెప్తాను.